రెండు కరెక్ట్ ఆన్సర్లున్న బిట్



పోస్టు పెద్దది, ఓపికున్నప్పుడు చదవండి. నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్‌కి డబ్బు కట్టాలని చూస్తున్నవాళ్ళు మాత్రం కట్టేముందు చదవండి.

పోయిన నెల నేను నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్ పరీక్ష రాసిన సంగతి గ్రూపులో చాలామందికి తెలుసు. "ఏమైంది తమ్ముడూ" అని ముగ్గురు నలుగురు మెసేజ్ పెట్టారు. చూసి కూడా రిప్లై ఇవ్వలేదు, ఏమనుకోకండి. ఫెయిలయ్యాను. పాస్ మార్కుకి 13 పాయింట్లు తక్కువ. అది ఎవరి పరీక్షో పేరు రాయట్లేదు. ఎందుకో కింద చెప్తా.

కొత్తగా గ్రూపులో చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు. నాది పాడేరు ఏజెన్సీ. ఇంట్లో మాట్లాడేది ఆదివాసి ఒరియా. తెలుగు ఆశ్రమ పాఠశాలలో నేర్చుకున్నా, ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటూనే ఉన్నా. లెక్కలు మాత్రం ఇప్పటికీ మనసులో ఒరియాలోనే వేసుకుంటా. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. ఇప్పుడు విశాఖలో హాస్టల్లో ఉంటూ బీఎస్సీ కంప్యూటర్స్ ఫైనలియర్ చదువుతున్నా.

నెట్‌వర్కింగే ఎందుకు పట్టుకున్నానంటే దానికీ మా ఊరే కారణం. నేను ఆరో ఏడో చదివేటప్పుడు రేషన్‌కి వేలిముద్ర మిషన్ వచ్చింది. ఊళ్ళో సిగ్నల్ లేదు. డీలర్ మిషన్ పట్టుకుని కొండెక్కేవాడు, వెనకాల సంచులు పట్టుకుని ఊరంతా ఎక్కేది. మా నానమ్మ కూడా. వేలు పెడితే మిషన్‌లో చక్రం తిరిగేది, తిరిగేది, ఆగిపోయేది. మళ్ళీ పెట్టు అనేవాడు. ఆ వేలిముద్ర ఎక్కడికి వెళ్తోంది, ఎక్కడ ఆగిపోతోంది, కొండ మీద వెళ్ళేది కింద ఎందుకు వెళ్ళదు అని అప్పట్నుంచీ నాకు పట్టుకుంది. డిగ్రీ సెకండియర్‌లో నెట్‌వర్క్స్ పేపర్ వచ్చాక, ఓహో దీని గురించేనా అనిపించింది.

ఆ పేపర్ నాకు ఇష్టంగా వచ్చింది. క్లాసులో అందరూ భయపడే సబ్‌నెటింగ్ నాకు తొందరగా ఎక్కింది, ఎందుకంటే నేను దాన్ని పొలం లెక్కలో చూశా. ఒక పెద్ద మడిని ముక్కలు చేస్తే ప్రతి ముక్కకీ గట్టు వేయాలి, గట్టు మీద పంట వేయలేం. నెట్‌వర్క్ కూడా అంతే. /26 అంటే ఒక ముక్కలో 64 అడ్రెస్‌లు. మొదటిది నెట్‌వర్క్ పేరుకి పోతుంది, చివరిది బ్రాడ్‌కాస్ట్‌కి పోతుంది. గట్లకి రెండు పోగా మిషన్లకి ఇవ్వగలిగినవి 62. కాలేజీ ల్యాబ్‌లో పక్కన పడేసిన స్విచ్ ఒకటి అడిగి తీసుకుని, ఫోన్ హాట్‌స్పాట్‌తో, సీనియర్ ఇచ్చిన పాత ల్యాప్‌టాప్‌తో ఎనిమిది నెలలు ప్రాక్టీస్ చేశా. వైర్‌షార్క్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, వైర్లో పోయే ప్యాకెట్లని విప్పి చూపిస్తుంది. రాత్రి రెండింటి వరకూ అదే చూస్తూ కూర్చునేవాణ్ణి. రూమ్‌మేట్ "సీరియల్ చూస్తున్నావా" అనేవాడు.

పరీక్ష ఫీజులో కొంత కాలేజీ ట్రైనింగ్ వల్ల తగ్గింది. మిగిలింది తొమ్మిది వేల చిల్లర. నాన్న మిరియాలు అమ్మి పంపించాడు. కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్లకి పాకించిన మిరియాలు, నిచ్చెనేసి ఒక్కొక్క చెట్టూ ఎక్కి కోయాలి. ఆ డబ్బు అది.

ఇక పరీక్ష. సెంటర్‌లో వాచీ, పర్సు, చేతికున్న దారం కూడా తీయించి లాకర్‌లో పెట్టించారు. రాసుకోడానికి ప్లాస్టిక్ అట్ట ఒకటి, మార్కర్ ఒకటి. స్క్రీన్ మీద మొదట ఒక ఒప్పందం వస్తుంది. ఈ ప్రశ్నలు బయట ఎవరికీ చెప్పను అని ఒప్పుకుంటేనే పరీక్ష మొదలవుతుంది. నేను ఒప్పుకున్నా. ఒప్పుకున్నా కాబట్టి నాకు వచ్చిన బిట్లు ఇక్కడ రాయట్లేదు, పరీక్ష పేరూ రాయట్లేదు. కింద రాసేవన్నీ నేను సొంతంగా తయారుచేసినవి. కానీ జబ్బు అదే జబ్బు. మార్కెట్లో దొరికే ప్రాక్టీస్ పుస్తకాల్లో కూడా ఇదే జబ్బు చూశా, కాబట్టి ఇది ఒక్క పరీక్షకి సంబంధించిన గొడవ కాదు.

(బిట్ అంటే నేను పరీక్ష బిట్ గురించి చెప్తున్నా, బైనరీ బిట్ కాదు. ఈ సబ్జెక్టులో రెండూ ఉంటాయి, కర్మ.)

ఒకటి చూడండి. 192.168.10.0/24ని /27 చేస్తే ఎన్ని సబ్‌నెట్‌లు వస్తాయి? ఆప్షన్లలో 6 ఉంది, 8 ఉంది. మూడు బిట్లు తీసుకున్నాం కాబట్టి రెండు మూడుసార్లు గుణిస్తే 8. ఇవాళ ఏ రౌటర్ మీద చేసినా 8 వస్తాయి. మరి 6 ఎక్కణ్ణుంచి వచ్చింది? 1985లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 950 అనే డాక్యుమెంట్‌లో మొదటి సబ్‌నెట్, చివరి సబ్‌నెట్ వాడొద్దని ఉంది. అప్పటి లెక్క ప్రకారం 8లో రెండు పోయి 6. ఆ పద్ధతికి కాలం చెల్లిందని 1995లోనే ఆర్ఎఫ్‌సీ 1878 చెప్పేసింది. నేను పుట్టకముందే పోయిన రూల్ అది. కానీ పాత పుస్తకాల్లోంచి బిట్లు కాపీ కొట్టేవాళ్ళకి ఇంకా పోలేదు. ఏ రూల్ ప్రకారమో ప్రశ్నలో ఒక్క మాట రాయరు. కీలో 6 ఉందో 8 ఉందో మనం జాతకం చూసుకోవాలి.

ఇంకోటి. డీఎన్ఎస్ ఏ ప్రోటోకాల్ మీద నడుస్తుంది? ఒక్కటే టిక్ పెట్టాలి. యూడీపీ ఉంది, టీసీపీ ఉంది. చదివినవాడైతే యూడీపీ అని పెట్టేస్తాడు. కానీ నేను వైర్‌షార్క్‌లో కళ్ళారా చూశా. జవాబు పెద్దదై ఒక ప్యాకెట్‌లో పట్టకపోతే సర్వర్ కొంచెం ముక్క పంపి, కత్తిరించాను అని గుర్తు పెడుతుంది. మన మిషన్ మళ్ళీ అదే ప్రశ్న టీసీపీ మీద అడుగుతుంది. రెండూ పోర్ట్ 53. డీఎన్ఎస్ సాఫ్ట్‌వేర్ ఏదైనా రెండింటినీ సపోర్ట్ చేసి తీరాలని 2016లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 7766లో స్పష్టంగా ఉంది. మరి ఒక్క టిక్ ఎలా పెట్టాలి? "మామూలుగా ఎక్కువసార్లు" అనే రెండు పదాలు ప్రశ్నలో కలిపితే గొడవే లేదు. ఆ రెండు పదాలు ఉండవు.

ఏఆర్‌పీ ఏ లేయర్‌లో పనిచేస్తుంది అనేది మూడోది. ఇది 1982 నుంచి ఉన్న ప్రోటోకాల్, ఐపీ అడ్రెస్ తెలిసి మ్యాక్ అడ్రెస్ తెలియనప్పుడు అరిచి అడుగుతుంది. ఐపీ హెడర్ లేకుండా నేరుగా ఈథర్‌నెట్ ఫ్రేమ్‌లో వెళ్తుంది కాబట్టి లేయర్ 2 అంటారు కొందరు. ఐపీ అడ్రెస్‌ల పని చేస్తుంది కాబట్టి లేయర్ 3 అంటారు ఇంకొందరు. రెండింటికీ మధ్యలో అనేవాళ్ళూ ఉన్నారు. పుస్తకాన్ని బట్టి జవాబు మారుతుంది. పెద్దపెద్ద ఇంజనీర్లే తేల్చుకోనిదాన్ని తీసుకొచ్చి మనకి ఒక మార్కు బిట్‌గా ఇస్తారు.

ఇక ఇంగ్లీషు సంగతి. "లీస్ట్ లైక్లీ నాట్ టు" అని రాసి ఉంటే మీరేం చేస్తారు? నేను దాన్ని తెలుగులోకి మార్చుకున్నా: కాకుండా ఉండే అవకాశం తక్కువ ఉన్నది ఏది? అంటే అయ్యే అవకాశం ఎక్కువ ఉన్నదన్నమాట. సరే, మళ్ళీ ఇంగ్లీషులోకి వెళ్ళి ఆప్షన్లు చదవాలి. ఈలోపు పైన గడియారం పరుగెత్తుతూ ఉంటుంది. ఒకసారి దాటేశాక వెనక్కి వెళ్ళి చూసుకోడానికి కూడా లేదు. ఇక్కడ పరీక్ష పెడుతున్నది రౌటర్ మీదా, నా మెలికలు విప్పే ఓపిక మీదా? ఇంగ్లీషు రావాలి, ఒప్పుకుంటా. మాన్యువల్స్ అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. కానీ ఏ మాన్యువల్లోనూ ఇంగ్లీషు ఇలా ఉండదు. అక్కడ వాక్యాలు చిన్నగా, సూటిగా ఉంటాయి. ఆ ఆర్ఎఫ్‌సీలు నేను చదవగలిగా, ఈ బిట్లు చదవలేకపోయా.

అన్నీ చెడ్డవని చెప్పట్లేదు. స్క్రీన్ మీద నెట్‌వర్క్ బొమ్మ ఇచ్చి, ఇది పనిచేయట్లేదు, బాగుచెయ్ అని కమాండ్లు కొట్టించే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. అవి నిజంగా కష్టం, నిజంగా బాగున్నాయి. అవి చేస్తున్నప్పుడు నాకు పరీక్షలో ఉన్నానన్న సంగతే మర్చిపోయా.

రిజల్ట్ అక్కడికక్కడే వచ్చింది. ఒక కాగితం, దాని మీద ఏ సెక్షన్‌లో ఎంత శాతం అని నాలుగైదు గీతలు. ఏ బిట్ తప్పు, ఏది కరెక్ట్, ఏమీ లేదు. బయటికొచ్చి బస్టాపులో కూర్చున్నా. రెండు బస్సులు వదిలేశా. నాన్నకి ఫోన్ చేసి చెప్పా.

నాన్న తిట్టలేదు. "ఏది తప్పు రాశావు?" అని అడిగాడు.

తెలీదు నాన్నా, చెప్పరు అన్నా.

"ఏది తప్పో చెప్పకుండా తప్పని ఎలా అన్నారు?"

వాళ్ళ రూల్ అంతే అన్నా. కాసేపు ఆగి నాన్న, "కాటా మనకేసి తిప్పకుండా తూకం వేసినట్టుంది" అన్నాడు.

సంతలో మిరియాలు అమ్మినవాళ్ళకి ఆ మాట అర్థమవుతుంది. ముల్లు ఎటు చూస్తోందో కనపడనివ్వకుండా తూసి కాగితం మీద అంకె రాసిచ్చే షావుకారు మనందరికీ తెలుసు. మన తాతలు ఆ అంకె నమ్మి ఇంటికొచ్చేవాళ్ళు. నాన్న మాత్రం కాటా తనవైపు తిప్పేదాకా సంచి దింపడు. నేను తొమ్మిది వేలు కట్టి, కాటా చూడకుండా వచ్చేశా.

కానీ నిజం చెప్పాలంటే, ఆ మాట విన్నాక కూడా రెండు వారాలు తప్పంతా నాదే అనుకున్నా. మనకి అదొక అలవాటు. క్లాసులో సార్ చెప్పింది అర్థం కాకపోతే మనకి తెలివి లేదనుకుంటాం. ఫారమ్ అర్థం కాకపోతే మనకి చదువు రాదనుకుంటాం. సార్ సరిగ్గా చెప్పలేదేమో, ఫారమ్ సరిగ్గా రాయలేదేమో అనే ఆలోచన ముందు రాదు. అదే పరీక్ష రాసిన టౌన్ కుర్రాడు బయటికి రాగానే "చెత్త పేపర్" అనేసి టీ తాగడానికి వెళ్ళిపోయాడు. వాడూ ఫెయిలే. వాడి నిద్ర మాత్రం చెడలేదు.

తర్వాత నాకు గుర్తున్న సందేహాలన్నీ టాపిక్ పేర్లుగా రాసుకుని, ఒక్కొక్కటీ ఆర్ఎఫ్‌సీల్లో వెతికా. అవి ఇంటర్నెట్‌లో ఫ్రీగా ఉంటాయి, ఎవరైనా చదవచ్చు. వెతికేకొద్దీ నా ముఖం మారుతూ వచ్చిందని రూమ్‌మేట్ అన్నాడు. కొన్ని నేనే తప్పు, అందులో సందేహం లేదు. ఐపీవీ6 నేను సరిగ్గా చదవలేదు. కానీ కొన్నింటిలో నాకు తెలిసినదే కరెక్ట్, లేకపోతే రెండు జవాబులూ కరెక్ట్. పరీక్షవాళ్ళకి మెయిల్ రాశా. బిట్ ఫలానా అని రాయడానికి నాకు ఒరిజినల్ వాక్యం గుర్తుండదు కదా, టాపిక్ రాశా. నాలుగు రోజులకి జవాబొచ్చింది: మా ప్రశ్నలన్నీ నిపుణులు పరిశీలించినవి, మీ ఆసక్తికి ధన్యవాదాలు, మళ్ళీ రాయడానికి ఇక్కడ ఫీజు కట్టండి.

మన గ్రూపులో గ్రూప్స్‌కి, డీఎస్సీకి ప్రిపేరయ్యేవాళ్ళు చాలామంది ఉన్నారు. మీకు తెలుసు, అక్కడ పరీక్షయ్యాక ప్రైమరీ కీ ఇస్తారు. అభ్యంతరాలు తీసుకుంటారు. ఆధారం చూపించి ఇది తప్పు అని మనం రాయచ్చు. తర్వాత ఫైనల్ కీ వస్తుంది. బిట్టే తప్పని తేలితే దాన్ని తీసేయడమో, మార్కు కలపడమో చేస్తారు. ఆ పద్ధతిని మనం ఎన్నిసార్లు తిట్టుకున్నామో, కోర్టు కేసులు, లేటు, అన్నీ నిజమే. కానీ అక్కడ కాటా మనవైపు తిరిగి ఉంటుంది. ఇక్కడ అది కూడా లేదు.

దాచడానికి వాళ్ళకో కారణం ఉంది. అవే బిట్లు మళ్ళీ మళ్ళీ వాడతారు, బయటపెడితే బట్టీ కొట్టేస్తారు. న్యాయమే అనుకుందాం. కానీ బట్టీ ఆగిందా? డంప్స్ అని ఉంటాయి, మీలో కొందరికి తెలుసు. పరీక్ష రాసినవాళ్ళు గుర్తుపెట్టుకుని బయటికి తెచ్చి అమ్మే బిట్లు, జవాబులతో సహా. నేను ఫెయిలైన రోజు రాత్రే ఒక సీనియర్ ఫోన్‌లో పంపించాడు. "పిచ్చోడా, ఎనిమిది నెలలు ఎందుకు చదివావ్, ఇది మూడు రోజుల పని" అన్నాడు. ఫైల్ ఫోన్‌లోనే ఉండేది, తెరవలేదు. తెరవాలని అనిపించలేదని అబద్ధం చెప్పను.

ఈ సంగతి మా మేడమ్‌తో మాట్లాడితే ఆవిడ ఒక విషయం చెప్పారు. పెద్ద పరీక్షల్లో ప్రతి బిట్‌నీ లెక్కలతో చెక్ చేస్తారట. మొత్తం మీద మంచి మార్కులొచ్చినవాళ్ళు ఒక బిట్‌ని ఎక్కువగా తప్పు చేసి, తక్కువొచ్చినవాళ్ళు కరెక్ట్ పెడుతుంటే, తేడా పిల్లల్లో కాదు బిట్‌లోనే ఉందని పట్టుకుంటారట. చాలా బాగుందనిపించింది. హాస్టల్‌కి నడుచుకుంటూ వస్తుంటే ఇంకో సంగతి తట్టింది. డంప్స్ బట్టీ కొట్టినవాడికి కీలో 6 ఉంటే 6 అని తెలుసు. వాడు ఆ తప్పు బిట్‌కి "కరెక్ట్" పెడతాడు, మిగతావన్నీ కూడా కరెక్ట్ పెడతాడు. అంటే వాడు టాపర్. ఇక లెక్కల్లో ఆ బిట్ చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. తప్పని పట్టుకునేది ఎవరు? రౌటర్ మీద చేసి చూసి 8 అని పెట్టినవాడు ఆ లెక్కలో తెలివితక్కువవాడిగా మిగులుతాడు. ఒప్పందం తప్పినవాడు సర్టిఫికెట్‌తో తిరుగుతాడు. ఒప్పందానికి కట్టుబడినవాడు ఫలానా బిట్ తప్పని నలుగురిలో చెప్పడానికి కూడా లేదు. నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది ఇదే, ఫెయిలవడం కాదు.

కోపంలో నేనే మంచి బిట్లు రాస్తానని కూర్చున్నా. మా హాస్టల్లో ఫస్టియర్ తమ్ముళ్ళకి 20 బిట్లు తయారుచేసి ఇచ్చా. ఒక తమ్ముడు, చింతపల్లి అబ్బాయి, సాయంత్రానికి వచ్చి ఏడింటికి రెండేసి జవాబులున్నాయని చూపించాడు. /26లో ఎన్ని "అడ్రెస్‌లు" అని రాసి, నా కీలో 62 పెట్టా! నా గట్ల లెక్క నేనే మర్చిపోయా. అడ్రెస్‌లు 64, మిషన్లకి ఇచ్చేవి 62. ఒక్క పదం. కాబట్టి బిట్ రాయడం కష్టమని నాకిప్పుడు తెలుసు. కానీ ఆ తమ్ముడు వచ్చి చూపించాడు, నేను దిద్దుకున్నా. ఫీజు ఏమీ తీసుకోలేదు.

ఇప్పుడు నేను శని, ఆదివారాలు సీసీ కెమెరాలు బిగించే అన్నతో పనికి వెళ్తున్నా. రోజుకి 500, మధ్యాహ్నం భోజనం. కేబుల్ కొనలో ఎనిమిది వైర్లు వరస తప్పకుండా పెట్టి నొక్కాలి. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-పచ్చ, నీలం, తెలుపు-నీలం, పచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. వరస సరిగ్గా ఉంటే లైట్ వెలుగుతుంది, లేకపోతే వెలగదు. అంతే. మొన్న ఒక షాపులో ఆరు కెమెరాల్లో రెండు రావట్లేదంటే రెండింటికీ ఒకే ఐపీ ఇచ్చారని పది నిమిషాల్లో పట్టుకున్నా. షాపాయన సర్టిఫికెట్ అడగలేదు. కానీ కంపెనీ ఉద్యోగానికి అప్లై చేస్తే మొదట అడిగేది అదే, ఆ కాగితం లేకపోతే ఇంటర్వ్యూకి కూడా పిలవరు. అందుకే మళ్ళీ రాస్తున్నా. ఈసారి ఫీజు నా కూలి డబ్బులోంచే. ఇప్పటికి 6,500 అయింది, సంక్రాంతి తర్వాత డేట్ తీసుకుంటా.

కోర్సుకి డబ్బు కట్టబోయేవాళ్ళకి నాకు తెలిసింది చెప్తా. ముందు ఆ పరీక్ష సిలబస్ ఎప్పటిదో చూడండి. సబ్‌నెటింగ్‌ని ఇంకా క్లాస్ ఏ, బీ, సీలతోనే చెప్పే కోచింగ్ అయితే ఆలోచించండి, అది 1993లోనే మారిపోయింది. ఫెయిలైతే రెండోసారి ఫీజు ఎంతో ముందే అడగండి. నాకు ఎవరూ చెప్పలేదు. వెనక్కి వెళ్ళే బటన్ ఉంటుందో ఉండదో కూడా అడగండి. డంప్స్ లింకులు మాత్రం ఈ గ్రూపులో పెట్టకండి, నన్నూ అడక్కండి. నా దగ్గరున్న ఫైల్ ఈ పోస్టు రాసే ముందు డిలీట్ చేశా.

విశాఖలో ఉన్నవాళ్ళం ఆదివారం సాయంత్రం ఆరింటికి మా రూమ్‌లో కూర్చుంటున్నాం. ప్రతివాళ్ళూ ఐదు బిట్లు సొంతంగా రాసుకురావాలి, మిగతావాళ్ళు వాటిలో రెండో జవాబు వెతకాలి. ఇప్పటికి నలుగురమే. ఎవరైనా రావచ్చు, రూమ్ నంబర్ తెలియకపోతే మెసేజ్ పెట్టండి, ఈసారి రిప్లై ఇస్తా. వచ్చేటప్పుడు మార్కర్ తెచ్చుకోండి, మా దగ్గరున్నది ఒక్కటే, అది కూడా అయిపోవచ్చింది.